లీగ్‌లోంచి కాలేజీ వెళ్ళిపోతానంటే: ఒక పీడీ (ఫిజికల్ డైరెక్టర్) రాసుకున్న పద్ధతి

"మాస్టారూ, ఈ ఏడాది నుంచి మేం ఆడటం లేదండీ."

2022 నవంబరులో ఓ సాయంత్రం ఫోన్లో విన్న మాట ఇది. వారం తిరక్కుండా ఇంకో కాలేజీ నుంచి అదే మాట. గుంటూరు, విజయవాడల మధ్య ఎనిమిది కాలేజీలు కలిసి ఆడుకునే వాలీబాల్ లీగ్‌కి 2004 నుంచి నేనే కన్వీనర్ని. సంక్రాంతి సెలవులయ్యాక మొదలుపెట్టి ఫిబ్రవరి ఆఖరుకి ముగించేవాళ్ళం. యూనివర్సిటీ పెట్టే అంతర్ కళాశాలల పోటీలు వేరు, వాటిని నాగార్జున యూనివర్సిటీ చూసుకుంటుంది. ఇది మాత్రం పీడీలం మాలో మేం పెట్టుకున్నది. అందుకే రూల్సన్నీ నోటిమాటలే. ఎవరైనా వెళ్ళిపోతే ఏం చేయాలన్న రూలు నోటిమాటగా కూడా లేదు.

ఆ ఏడాది కంగారులో చేయకూడనివన్నీ చేశాను. ఆ తర్వాత కూర్చుని సరిచేసుకున్నాం. కబడ్డీయో క్రికెట్టో, మీ ఊళ్ళో ఇలాంటి లీగ్ నడిపేవాళ్ళుంటే నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మధ్యమధ్యలో అమెరికా సంగతులు వస్తాయి. మా అమ్మాయి ఆరిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేసింది. 2023 సెప్టెంబరులో ఫోన్ చేసి, "నాన్నా, నీ లీగ్‌లో రెండు కాలేజీలు పోయాయని అంత బాధపడ్డావు కదా, ఇక్కడ మా లీగ్‌లో పన్నెండుకి పది పోయాయి" అంది. నవ్వొచ్చింది, వెంటనే ఆసక్తీ కలిగింది. అక్కడ యూనివర్సిటీలు కాన్ఫరెన్సులుగా జట్టుకడతాయి. ఒక కాన్ఫరెన్సులోవాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఆడుకుని, టీవీ హక్కులు కలిపి అమ్ముకుని, వచ్చిన డబ్బు పంచుకుంటారు. మాకు టీవీ లేదు, డబ్బూ లేదు. కానీ గొడవలు చూస్తే ముమ్మూర్తులా మావే.

ఫోన్ వచ్చిన రోజు

ముందు కోపం తెచ్చుకోకండి. ఆ పీడీ చేతిలో ఏమీ ఉండదు. మొదటి కాలేజీ ఇంజనీరింగ్ కాలేజీ. వాళ్ళ యాజమాన్యం తమ క్యాంపస్‌ల మధ్యే టోర్నమెంట్ పెట్టుకోవాలని నిర్ణయించింది. రెండోది డిగ్రీ కాలేజీ. కొత్త కరస్పాండెంట్ గారు బస్సు డీజిల్ ఖర్చు చూసి వద్దన్నారు. ఫోన్ చేసిన పీడీ నాకంటే ఎక్కువ బాధలో ఉన్నాడు.

చేయాల్సిందల్లా లెటర్ హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో, తేదీ వేసి కాగితం ఇమ్మనడం. ఎప్పటి నుంచి వెళ్తున్నారో, ఈ సీజన్ ఆడతారో లేదో అందులో ఉండాలి. నేను ఆ రోజు "సరే మాస్టారూ, మీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాను. డిసెంబరులో అదే కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఎక్కడో కనిపించి, "మేం మానేశామని ఎవరన్నారండీ?" అని నన్నే అడిగారు. కాగితం లేకపోతే ఇంతే.

కాగితం చేతికి రాగానే ఇంకో పని. వెళ్తానన్నవాళ్ళకి ఆ రోజు నుంచి మీటింగుల్లో ఓటు ఉండకూడదు. ఇది కక్షతో చెప్పట్లేదు. 2022 అక్టోబరులో మా లీగ్ ఖాతాలో నలభై ఆరు వేలు ఉంది. ఎనిమిది టీములకీ ట్రాక్ సూట్లు కుట్టిద్దామని ఒక పీడీ ప్రతిపాదించాడు, ఇంకొకాయన బలపరిచాడు, అందరం చేతులెత్తాం. నెల తిరిగేసరికి ప్రతిపాదించిన కాలేజీ, బలపరిచిన కాలేజీ రెండూ వెళ్ళిపోయాయి, సూట్లతో సహా. ముందే తెలిసి చేశారా అంటే, ఒకరికి తెలుసనే నా అనుమానం. అడగలేదు. అందుకే ఇప్పుడు మాకు ఇంకో రూలు కూడా ఉంది. ఐదు వేలు దాటిన ఖర్చు ఏదైనా సరే, వచ్చే సీజన్ ఆడతామని సంతకం పెట్టినవాళ్ళ ఓట్లతోనే జరగాలి.

అమెరికాలో పెద్ద గొడవ సరిగ్గా దీని మీదే. మా అమ్మాయి చెప్పిన ఆ లీగ్ పేరు పాక్-12. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ 2024 నుంచి ఇంకో కాన్ఫరెన్సు అయిన బిగ్ టెన్‌కి వెళ్తామన్నాయి. 2023 జూలై ఆఖర్లో కొలరాడో వెళ్ళింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు వెళ్ళాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా బర్క్‌లీ కూడా వేరే దారి చూసుకున్నాయి. మిగిలినవి రెండే, ఆరిగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అయితే పదీ వెంటనే వెళ్ళట్లేదు, ఇంకో ఏడాది అక్కడే ఆడాలి. మరి ఆ ఏడాదిలో ఖజానా ఎవరి చేతిలో ఉండాలి? పది మందీ ఓటేస్తే ఉన్నదంతా పంచుకుని పోవచ్చు. వెళ్తానని నోటీసిచ్చినవాళ్ళకి బోర్డులో చోటు లేదని వాళ్ళ నిబంధనల్లోనే ఉందంటూ మిగిలిన ఇద్దరూ కోర్టుకెక్కారు. నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక కౌంటీ కోర్టు బోర్డును ఈ ఇద్దరికే అప్పజెప్పింది. డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. చివరికి వెళ్ళే పదీ కలిసి 6.5 కోట్ల డాలర్లు వదులుకుని రాజీపడ్డాయి. నలభై ఆరు వేల ట్రాక్ సూట్లకి నేనెంత ఏడ్చానో గుర్తొచ్చి, రూలు ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

డిపాజిట్ ఎంత ఉండాలి

మా దగ్గర ఇప్పుడు కాలేజీకి పదివేలు డిపాజిట్. లీగ్‌లో చేరేటప్పుడు కడతారు. ఆగస్టు 31 లోపు చెప్పి వెళ్తే మొత్తం వెనక్కిస్తాం. ఫిక్చర్లు, అంటే ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలన్న పట్టిక, వేసేలోపు చెప్తే సగం. ఫిక్చర్లు వేశాక అయితే ఒక్క రూపాయి రాదు. ఏటా కట్టే ఎనిమిది వేల ఎంట్రీ ఫీజు దీనికి అదనం.

పాతికవేలు పెడదామని తెనాలి నుంచి వచ్చే పీడీ పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. మరీ ఎక్కువ పెడితే వసూలు కాదు, పైగా మాటపట్టింపులొస్తాయి. మేరీల్యాండ్ యూనివర్సిటీ 2012లో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు) నుంచి బయటికొస్తే దాదాపు 5.2 కోట్ల డాలర్లు కట్టమన్నారు. ఒకరి మీద ఒకరు కేసులేసుకున్నారు. రెండేళ్ళు నలిగి 2014లో సుమారు 3.1 కోట్ల దగ్గర తేలింది. డబ్బు గడువుకు ముడిపడి ఉంటే మాత్రం పనిచేస్తుంది. టెక్సస్, ఓక్లహామా 2021లో బిగ్ 12 అనే కాన్ఫరెన్సు నుంచి వెళ్తామని చెప్పి, ఒక ఏడాది ముందే 2024లో వెళ్ళేందుకు ఇద్దరూ కలిపి 10 కోట్ల డాలర్లు వదులుకున్నారు. తొందర వాళ్ళది కాబట్టి ఖర్చూ వాళ్ళదే.

డిపాజిట్ పక్కనే రాసుకోవాల్సింది వస్తువుల సంగతి. నెట్లు, యాంటెనాలు, స్కోరు బోర్డు, స్టాపర్లున్న పోల్స్, ఏది ఎవరి దగ్గరుందో నోట్ పుస్తకంలో సంతకం తీసుకోండి. అన్నిటికంటే ముందు రోలింగ్ షీల్డు, అంటే ఏటా గెలిచినవాళ్ళ చేతికి మారే షీల్డు.

మా షీల్డు టేకుచెక్కది, మూడడుగుల ఎత్తు. చుట్టూ ఇత్తడి రేకుల మీద 2004 నుంచి గెలిచిన కాలేజీల పేర్లుంటాయి. 2022లో గెలిచింది వెళ్ళిపోయిన ఇంజనీరింగ్ కాలేజీయే. షీల్డు వాళ్ళ ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో ఉంది. నేను బస్సెక్కి వెళ్ళాను. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది, పైన చిన్న గణేశుడి బొమ్మ కూడా పెట్టారు. తాళం ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గరుంది, ఆయన మాల వేసుకుని శబరిమల వెళ్ళాడు. రెండోసారి వెళ్తే ప్రిన్సిపాల్ లేరు, ఆయన చెప్పందే ఇవ్వమన్నారు. మూడోసారి వెళ్తే "మేం గెలిచిందే కదండీ ఇది" అన్నారు. రోలింగ్ అంటే ఏమిటో వివరించి, పాత ఫొటోలు చూపించి, జనవరి రెండో వారంలో తెచ్చుకున్నాను. ఇప్పుడు ఫైనల్ రోజు ఫొటో దిగాక షీల్డు నా ఇంటికే వస్తుంది. గెలిచినవాళ్ళకి చిన్న కప్పు ఇచ్చి పంపుతాం.

ముందు ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఇద్దరు వెళ్ళగానే నేను కొత్తవాళ్ళ వేటలో పడ్డాను. పది రోజుల్లో చిలకలూరిపేట వైపు ఒక కాలేజీని పట్టుకొచ్చి ఏడు చేశాను. ఈలోగా మిగిలిన ఆరుగురిలో ముగ్గురు "లీగ్ ఉంటుందో ఊడుతుందో" అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారని నాకు తెలియనే లేదు. అందులో ఒకరు అప్పటికే వేరే టోర్నమెంట్ వాళ్ళతో టీ తాగొచ్చారు.

పాక్-12 పోయింది కూడా ఇలాగే. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్ళాక మిగిలిన పదిమందినీ కట్టిపడేసే టీవీ ఒప్పందం ఏడాదైనా తేలలేదు. టెక్సస్, ఓక్లహామా లాంటి పెద్ద తలకాయలు వెళ్తామన్న బిగ్ 12 మాత్రం 2021 సెప్టెంబరులోనే నలుగురిని పిలిచింది, 2022 అక్టోబరుకల్లా టీవీ ఒప్పందం ఖాయం చేసుకుంది. ఆ మరుసటి వేసవిలో పాక్-12 నుంచే నలుగురిని తెచ్చుకుంది. 2024లో మౌంటెన్ వెస్ట్ అనే కాన్ఫరెన్సు నుంచి ఐదు కాలేజీలు వెళ్ళినప్పుడు వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. వెళ్ళేవాళ్ళ మూలంగా రావాల్సిన డబ్బులో ఇంత మీకని రాసిచ్చి, మిగిలినవాళ్ళతో ఉంటామని సంతకాలు చేయించుకున్నారు. పోతారేమోనని భయపడ్డవాళ్ళకి వాటా కాస్త ఎక్కువే ఇచ్చారు. హవాయిని పూర్తి సభ్యుడిగా తీసుకోవడం, బయటి నుంచి కొత్తవాళ్ళని పిలవడం ఆ తర్వాతి ముచ్చట.

2023 సెప్టెంబరులో మేం ఆరుగురం బ్రాడీపేటలో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద కూర్చున్నాం. పెసరట్లు వచ్చేలోపు ఒక్కొక్కర్నీ ఒకటే ప్రశ్న అడిగాను. "మీ కాలేజీ మానేయాల్సి వస్తే ఎందువల్ల మానేస్తుంది?" నువ్వు ఉంటావా పోతావా అనడగలేదు. ఆ ప్రశ్నకి అందరూ ఉంటాననే అంటారు. ఇలా అడిగితే నిజాలొచ్చాయి. ఒకరికి బస్సు శని, ఆదివారాలు రెండూ ఇవ్వరు. ఇద్దరికి, పరీక్షలు సొంతంగా పెట్టుకునే అటానమస్ హోదా వచ్చాక సెమిస్టర్ పరీక్షలు ఫిబ్రవరి మూడోవారంలో పడుతున్నాయి. ఒకాయన రెండేళ్ళలో రిటైరవుతాడు, తర్వాత పీడీ పోస్టు నింపుతారన్న నమ్మకం లేదు. వీటిలో రెండింటికి అక్కడే మందు దొరికింది. విజయవాడ కాలేజీలకి మ్యాచులన్నీ ఆదివారమే పెట్టాం. ఫైనల్‌ని ఫిబ్రవరి రెండో ఆదివారానికి జరిపాం. రెండేళ్ళు ఆడతామని ఆరుగురూ ఆ నోట్ పుస్తకంలోనే సంతకాలు పెట్టారు. దాని మీద అల్లం చట్నీ మరక ఇప్పటికీ ఉంది.

ఏడు కంటే ఆరే నయం

కొత్తవాళ్ళ కోసం ఎందుకంత తొందర వద్దంటానో లెక్క చూడండి. ఎనిమిది టీములు ఒక్కోసారి తలపడితే 28 మ్యాచులు, వారానికి నాలుగు చొప్పున ఏడు వారాలు. ఆరు టీములైతే 15 మ్యాచులు, ఐదు వారాల్లో అయిపోతుంది. ఏడైతే 21 మ్యాచులే కానీ వారాలు మళ్ళీ ఏడే, ప్రతివారం ఒకరికి బై, అంటే ఆట లేని వారం. బై వచ్చిన వారం పిల్లలు ప్రాక్టీసుకి రారు. 2023లో ఏడుతో ఆడించాం. చిలకలూరిపేట వైపు నుంచి తెచ్చిన ఆ కాలేజీ మూడు మ్యాచులకి రాకుండా వాక్ఓవర్ ఇచ్చింది, ఒక ఆదివారం టీమ్ రావట్లేదన్న కబురు రిఫరీ విజిలేశాక వచ్చింది. తప్పు వాళ్ళది కాదు. గ్రౌండ్ చూడకుండా, పీడీ పర్మనెంటో గెస్టో కనుక్కోకుండా తెచ్చింది నేను.

ఖాళీ నింపడానికి ఇంకో దారుంది. 2024లో ఆరుగురు సభ్యులతోపాటు ఇద్దరిని అతిథులుగా పిలిచాం. వాళ్ళతో ఆడిన మ్యాచులకి పాయింట్లు లేవు, ఎంట్రీ ఫీజు లేదు, షీల్డుకి పోటీ లేదు. పాక్-12లో మిగిలిన ఆ రెండు కాలేజీలు కూడా 2024లో మౌంటెన్ వెస్ట్‌తో ఒప్పందం చేసుకుని, వాళ్ళ టీములతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచులు ఆడాయి. పెద్ద స్థాయి ఫుట్‌బాల్ కాన్ఫరెన్సుకి కనీసం ఎనిమిది మంది సభ్యులుండాలి. తగ్గితే నింపుకోడానికి రెండేళ్ళు గడువిస్తారు. ఆ గడువులోనే వాళ్ళు మౌంటెన్ వెస్ట్ నుంచి వెళ్ళిన బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ లాంటివాళ్ళని కూడగట్టుకుని 2026 జూలై నుంచి మళ్ళీ లీగ్ నడిపేలా చూసుకున్నారు. ఒక ఏడాది అతిథిగా చూశాక పిలిస్తే మనకీ వాళ్ళకీ భ్రమలుండవు.

ఎవరిని పిలవాలి

గెలిచే టీముని పిలవాలని అందరికీ ఉంటుంది. నేను మాత్రం టీముని ఆఖర్న చూస్తాను. ముందు చూసేది గ్రౌండ్. సాయంత్రం నాలుగుకి వెళ్ళి నిలబడండి. పిల్లలు ఆడుతుంటే ఆ కాలేజీకి పీడీ ఉన్నట్టు. నెట్ విప్పేసి, బైకులు పెట్టి ఉంటే ప్రిన్సిపాల్ ఎంత తియ్యగా మాట్లాడినా వచ్చేయండి. తర్వాత పరీక్షల క్యాలెండర్. ఆ తర్వాత దూరం. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, ఆదివారం రాత్రి పిల్లలు ఎన్నింటికి హాస్టల్ చేరతారన్న లెక్కలో చూడండి. మంగళగిరి, తెనాలి మాకు దగ్గర. బాపట్ల నుంచి మంచి టీమ్ ఒకటి వస్తానంది, రెండు మ్యాచులు చూసి మనసు పడ్డాను కూడా. రాత్రి పదకొండుకి చేరతారని తెలిసి వదులుకున్నాను. పసిఫిక్ తీరంలో ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఆడుతోంది. వాళ్ళకి విమానాలున్నాయి.

కొత్తవాళ్ళకి మొదటి రోజే అన్నీ సమానంగా ఇవ్వక్కర్లేదు. మా దగ్గర మొదటి ఏడాది హోం మ్యాచులు రెండే, ఫైనల్ వాళ్ళ గ్రౌండులో పెట్టం. దీనికి ఒప్పుకోని కాలేజీ ఇంతవరకూ తగల్లేదు. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే ఏసీసీలో చేరడానికి తొమ్మిదేళ్ళపాటు టీవీ డబ్బే వద్దంది. రావాలని అంత గట్టిగా ఉన్నవాళ్ళు మధ్యలో వాక్ఓవర్లివ్వరు.

ఒక జాగ్రత్త. మీరు పిలిచే కాలేజీ ఇంకో లీగ్‌లో ఉంటే ముందు ఆ లీగ్ నడిపేవాడికి ఫోన్ చేయండి. మనకి జరిగింది మనం ఇంకొకడికి చేయబోతున్నాం. బిగ్ 12 పిలిచిన నలుగురిలో ముగ్గురు అమెరికన్ అనే కాన్ఫరెన్సువాళ్ళు. ఆ అమెరికన్ వెళ్ళి కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ నుంచి ఆరుగురిని లాగింది. ఆ కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ ఇంకో నలుగురిని తెచ్చుకుంది. పైవాడు కదిలితే కిందిదాకా కదులుతుంది. మౌంటెన్ వెస్ట్ అయితే ఆ ఆట ఒప్పందంలోనే పాక్-12 మా వాళ్ళని తీసుకెళ్తే మొదటివాడికి కోటి డాలర్లు, ఆపైన ఒక్కొక్కడికీ ఐదేసి లక్షలు పెంచుతూ కట్టాలని రాయించుకుంది. ఐదుగురికి లెక్క 5.5 కోట్లయింది, అదీ కోర్టుకెక్కింది.

నేను 2024 మార్చిలో మా కొత్తవాళ్ళలో ఒకరి పాత లీగ్ కన్వీనర్‌కి ఫోన్ చేశాను. "అడిగి తీసుకెళ్తున్నారా, తీసుకెళ్ళి అడుగుతున్నారా?" అన్నాడు. అడిగే తీసుకెళ్తున్నానని చెప్పి, వాళ్ళ సీజన్ పూర్తయ్యాకే చేర్చుకుంటానన్నాను. రెండు కొత్త బంతులు, రిఫరీ స్టాండు కూడా పంపాను. ఇప్పుడు వాళ్ళ ఫైనల్‌కి నన్ను పిలుస్తున్నాడు.

వెళ్ళిన పిల్లలతో

ప్రిన్సిపాళ్ళు, పీడీలు పడే గొడవలో పిల్లల పాత్రేమీ ఉండదు. వెళ్ళిపోయిన ఆ డిగ్రీ కాలేజీ సెట్టర్ ఫైనలియర్ కుర్రాడు. అంతకుముందు దాకా మా లీగ్‌లో ఆడాడు. ఆఖరి సీజన్ లేదని తెలిసి మా గ్రౌండ్‌కి వచ్చి అరుగు మీద కూర్చుని స్కోరు రాసేవాడు. అది చూశాక సీజన్ ముగిశాక ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టాం, మిగిలిన మా టీముల్లోంచి ఎంపిక చేసినవాళ్ళకీ వెళ్ళిన రెండు కాలేజీల పిల్లలకీ మధ్య. ఏటా పెడుతున్నాం. ఆరిగన్ బిగ్ టెన్‌కి వెళ్ళిపోయినా, 2024 సెప్టెంబరులో ఆరిగన్ స్టేట్ ఊరు కొర్వాలిస్‌కి వచ్చి ఆడింది. మా అమ్మాయి టికెట్ కొనుక్కుని వెళ్ళింది, తన కాలేజీ చిత్తుగా ఓడింది.

పేరు సంగతి మర్చిపోయాను. లీగ్ పేరులో అంకె పెట్టకండి. మాది మొదట్నుంచీ ఎనిమిది కాలేజీల కప్పు. ఆరుగురం ఆడిన ఏడాది కూడా బ్యానర్ మీద ఎనిమిది అనే ఉంది, ఫ్లెక్సీ షాపువాడు పాత డిజైనే వేశాడు. బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్దెనిమిది మంది ఉన్నారట. 2025లో మేం మళ్ళీ ఎనిమిది అయ్యాం కాబట్టి ఫ్లెక్సీ మార్చలేదు.